అచ్చు పోయాలంటే అణువు కావాలి

సైన్సు చదువుతున్నామని నలుగురిలో చెప్పుకునే మనం, మన కళ్ళముందు పారే నీళ్ళలో ఏమున్నదో చెప్పగలమా? ఈ ప్రశ్న నాకు తరగతి గదిలో పుట్టలేదు. మా వూళ్ళో, మడిగట్టు మీద నిలబడి మా నాయన వేసిన ప్రశ్న ఇది. దానికి నేనింకా జవాబు చెప్పలేదు. జవాబుకు ఒక దారి వున్నదనీ, ఆ దారి మూసుకుపోయింది సైన్సు చాలక కాదనీ మాత్రం ఈ రెండేళ్ళ చదువులో తెలుసుకున్నాను. దాన్నే మిత్రుల ముందుంచాలని ఈ నాలుగు మాటలు.

మాది మూసీ కింద వ్యవసాయం. పిల్లాయిపల్లి దిగువన, కత్వ నీళ్ళతో ఏటా రెండు పంటల వరి పండుతుంది. పట్నం మురుగే మాకు కాలువ. ఎండాకాలంలో చుట్టుపక్కల బోర్లు ఎండినా మా మళ్ళకు నీళ్ళు తప్పవు. అందుకు సంతోషపడాలో ఏడవాలో తెలియని బతుకు మాది. నాట్లకు దిగిన ఆడవాళ్ళ కాళ్ళు రాత్రంతా దురద పెడుతుంటాయి. కొబ్బరినూనె రాసుకుని పడుకుంటారు, తెల్లారి మళ్ళీ అదే మడిలో దిగుతారు. నిరుడు వానాకాలం నాట్లప్పుడు మా నాయన అడిగాడు: "ఈ నీళ్ళల్ల ఏమున్నదిరా? కెమిస్ట్రీ చదువుతున్నవు గద, చెప్పు!"

నేను ఒక సీసా నిండా కాలువ నీళ్ళు పట్టుకుని బస్సెక్కాను. పట్నంలో ఒక పరీక్షాలయానికి తీసుకుపోయాను. అక్కడి ఉద్యోగి మంచివాడే, కూర్చోబెట్టి మాట్లాడాడు. "పీహెచ్, ఉప్పులు, బీఓడీ, సీఓడీ చూసి చెప్తం. మందుల అవశేషాలు కావాలంటే పెద్ద మిషను మీద పెట్టాలె. ఏ మందు కోసం చూడాల్నో పేరు రాసియ్యి తమ్మీ" అన్నాడు. ఒక్కో పేరుకు ఎంతవుతుందో కూడా చెప్పాడు. ఆ మొత్తం నా నెల మెస్సు బిల్లును దాటిపోయింది. పేరే తెలిస్తే మీ దాకా ఎందుకొస్త సార్ అనుకున్నాను గాని అనలేకపోయాను. సీసా అట్లాగే రూముకు తెచ్చుకున్నాను. కొన్నాళ్ళు కిటికీలో వుండి పచ్చబడింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఆ దురదకు కారణం మందుల ఫ్యాక్టరీలేనని నేననడం లేదు. మురుగునీళ్ళలో క్రిములున్నాయి, సబ్బులున్నాయి, ఇంకా ఎన్నో వున్నాయి. రుజువు లేకుండా ఒకరి మీద వేలెత్తి చూపడం సైన్సు విద్యార్థికి తగదు. రుజువు తెచ్చుకునే వీలు మాకు లేకపోవడమే నా ఫిర్యాదు.

ఇప్పుడు తార్నాక నుంచి ఉప్పల్ దాకా వున్న రోడ్డును ఒకసారి చూడండి. మెట్రో రైలులో పోతే నాలుగైదు స్టేషన్లు. 1944లో నిజాం రాజ్యంలో పరిశోధనాలయంగా మొదలై, 1956లో రీజినల్ రిసర్చ్ లేబొరేటరీగా, 1989లో ఐఐసీటీగా మారిన రసాయన సంస్థ తార్నాకలో వుంది. ఆ పక్కనే పోషకాహార సంస్థ. ముందుకు పోతే సీసీఎంబీ, ఆ తర్వాత భూభౌతిక పరిశోధనా సంస్థ. దాని పేరుతో మెట్రో స్టేషనే వుంది. డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ కొన్నేళ్ళు నాచారంలో నడిచి, ఇప్పుడు ఉప్పల్‌లో సొంత భవనంలో వుంది. ఇంత చదువు ఒక్క రోడ్డు మీద పేర్చి వున్న చోటు దేశంలో ఎన్ని వుంటాయి? అదే రోడ్డు మీద హబ్సిగూడ దగ్గర ఎడమకు తిరిగితే నాచారం పారిశ్రామికవాడ. నేరుగా పోతే ఉప్పల్ పారిశ్రామికవాడ. మందుల అణువులను కొత్తగా కట్టేవాళ్ళూ, టన్నులకొద్దీ తయారు చేసేవాళ్ళూ, వాటికి ముడిసరుకు అమ్మేవాళ్ళూ ఇక్కడున్నారు. ఈ దిక్కు నాలాలన్నీ చివరికి కలిసేది మూసీలోనే. మూసీ ఉప్పల్ భగాయత్ పక్కనుంచి పారి మా మళ్ళకు వస్తుంది.

ఒక్క వెంట్రుక, ఒక్క నెత్తుటి చుక్క దొరికితే అది ఏ మనిషిదో చెప్పే కేంద్రం ఉప్పల్‌లో వుంది. నీళ్ళలో కలిసిన అణువు ఏదో, ఎక్కడిదో చెప్పే కేంద్రం ఏదీ?

మాలిక్యులర్ ఇంప్రింటింగ్ అనే పద్ధతి గురించి నాకు తెలిసింది ఈ వెతుకులాటలోనే. తెలుగులో అణువుల అచ్చు అనుకుందాం. వాన పడ్డాక ఎద్దు బురదలో అడుగు వేస్తుంది. ఎండ కాసి బురద గట్టిపడితే గిట్ట గుర్తు అట్లాగే నిలిచిపోతుంది. ఆ గుంటలో మేక కాలు పెడితే వదులు, గేదె కాలు పెడితే పట్టదు. అదే ఎద్దు మళ్ళీ అడుగేస్తే సరిగ్గా కూర్చుంటుంది. అణువుల అచ్చు కూడా ఇంతే. ఇక్కడ బురద ప్లాస్టిక్కు, గిట్ట ఒక అణువు.

చేసే తీరు మన బీఎస్సీ ప్రయోగశాలకు అందనిదేమీ కాదు. పట్టుకోదలచిన అణువును మూసగా తీసుకుంటారు. దాన్ని మెథాక్రిలిక్ ఆమ్లం వంటి మోనోమరుతో ఒక ద్రావణిలో కలుపుతారు. మూస అణువుకు ఎక్కడెక్కడ ఆమ్ల గుంపు, అమైన్ గుంపు వున్నాయో అక్కడక్కడ మోనోమరు హైడ్రోజన్ బంధాలతో అంటుకుంటుంది. తర్వాత ఇథిలీన్ గ్లైకాల్ డైమెథాక్రిలేట్ పోసి, నైట్రోజన్ పంపి, ఏఐబీఎన్ చిటికెడు వేసి 60 డిగ్రీల దగ్గర ఒక రాత్రి వుంచితే తెల్లారేసరికి గట్టి తెల్లని ముద్ద తయారవుతుంది. దాన్ని నూరి, జల్లెడ పట్టి, సాక్స్‌లెట్‌లో మిథనాల్, ఎసిటిక్ ఆమ్లాలతో కడుగుతారు. మూస అణువులు బయటికి పోతాయి, వాటి ఖాళీలు మిగులుతాయి. ఆదిలాబాద్ వోజులు మైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, మైనం కరిగించి ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు గదా, వాళ్ళకు ఈ సూత్రం కొత్తది కాదు. ఇక మూస లేకుండా ఇదే ముద్దను ఇంకొకటి తయారు చేసి రెంటినీ పోల్చాలి. అచ్చు వున్నది ఎక్కువ పట్టి, అచ్చు లేనిది తక్కువ పడితేనే మన పని నిజం.

ఈ ఆలోచనకు వయసు కూడా తక్కువ కాదు. 1931లో పోలియాకోవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త సిలికా జెల్‌ను బెంజీన్, టొలుయీన్ వంటి ద్రవాల సమక్షంలో ఎండబెట్టి చూశాడు. ఏ ద్రవంలో ఎండిందో దాన్నే ఆ జెల్ ఎక్కువగా పట్టింది. 1940లో లైనస్ పాలింగ్ మన ఒంట్లోని యాంటిబాడీలు కూడా రోగకారకం చుట్టూ ముడుచుకుని అచ్చు దిగుతాయని రాశాడు. అది తప్పని తర్వాత తేలింది. అయినా ఆ తప్పులోంచే ఒక మంచి ప్రయోగం పుట్టింది. 1949లో ఆయన శిష్యుడు ఫ్రాంక్ డికీ మనం టైట్రేషన్‌లో వాడే మిథైల్ ఆరెంజునే మూసగా పెట్టి సిలికా అచ్చులు పోశాడు. 1972లో జర్మనీలో వుల్ఫ్ ప్లాస్టిక్కులో అచ్చు తీశాడు. స్వీడన్‌లో మోస్‌బాక్ బృందం 1980లలో దాన్ని సులువు చేసింది. 1993లో ఆ బృందమే ఉబ్బసం మందు థియోఫిలిన్‌నూ, డయజిపామ్‌నూ మనిషి రక్తరసంలో ఈ అచ్చులతో కొలిచి, యాంటిబాడీ పరీక్షకు సాటిగా ఫలితం చూపింది. 2010లో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు తేనెటీగ విషంలోని మెలిటిన్‌కు అచ్చు పోసిన ప్లాస్టిక్ నలుసులను ఎలుకల నెత్తుట్లోకి ఎక్కించి విషం పట్టించారు. యాంటిబాడీ కావాలంటే జంతువు కావాలి, ఫ్రిజ్ కావాలి. ఈ అచ్చులు మే నెల ఎండలో, ఆమ్లంలో, మురుగులో కూడా పాడుగావు. పల్లెటూరికి ఇంతకన్నా తగిన పరికరం ఏముంటుంది?

దీని వాడుక కూడా పుస్తకాలకే పరిమితం కాలేదు. చిన్న గొట్టంలో ఈ పొడి నింపి నీళ్ళు పోస్తే కావలసిన అణువులు ఆగిపోతాయి, మిగతావి పోతాయి. ఒక లీటరు నీళ్ళలో చెదిరి వున్నదంతా ఒక మిల్లీలీటరు ద్రావణిలోకి దింపవచ్చు. అట్లా అమ్మే గొట్టాలు విదేశీ కంపెనీలవి బజారులో వున్నాయి. వాటిలో ఒకటి క్లోరాంఫెనికాల్ అనే యాంటిబయాటిక్‌ను పట్టేది. అది ఎవరికి పనికొస్తుంది? రొయ్యలు కొనేవాళ్ళకు. 2000ల మొదట్లో ఐరోపా దేశాలు మన రొయ్యల్లో ఈ మందు జాడలున్నాయని సరుకు వెనక్కి పంపాయి. అప్పటినుంచి కోస్తా జిల్లాల రొయ్యలకు పరీక్ష లేనిదే ఓడ ఎక్కే యోగం లేదు. మంచిదే. పరాయి దేశంవాడు తినే రొయ్యలో మందు ఎంతున్నదో కొలిచే నేర్పు మనకున్నది. మోకాళ్ళదాకా దిగి వరి నాటే మా అమ్మ నిలబడ్డ నీళ్ళను కొలవడానికి మాత్రం మిషను లేదు, డబ్బు లేదు, పేరు రాసివ్వాలి!

మందులు నీళ్ళలోకి రావడం నా వూహ కూడా కాదు. 2007లో జోకిమ్ లార్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ప్రకటించింది. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వుంది. మాత్ర వేసుకున్న రోగి నెత్తుట్లో వుండేదానికన్నా ఎక్కువ అది. పటాన్‌చెరు ఎక్కడ, ఉప్పల్ ఎక్కడ అనకండి. ఆ కేంద్రం నీటిని తర్వాత పైపులైను వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి తెచ్చారు. అంబర్‌పేట మూసీ ఒడ్డున, ఉప్పల్‌కు పొరుగునే వుంది. రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేయడానికి కట్టిన ఆ కేంద్రం ఇళ్ళ మురుగు కోసం కట్టింది. మందుల అణువులను ఏరిపారేయడం దాని పని కాదు. అట్లాంటి నీళ్ళలో క్రిములు చావక మందుకు అలవాటు పడతాయి. రేపు మనకు జ్వరం వస్తే ఆ మాత్ర పనిచేయదు. ఇది మూసీ కింది రైతు సమస్యే అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వం ఏం చేసింది? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదాలో, మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే నీటిలో ఒక్కో యాంటిబయాటిక్ ఎంతకు మించకూడదో హద్దులు రాసింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ హద్దులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటిబయాటిక్ తయారీలో వచ్చే వ్యర్థాల గురించి మార్గదర్శకాలు ప్రకటించింది. హద్దు చట్టంలోకి ఎక్కనంత కాలం అది కాగితం మీది మాటే.

అణువుల అచ్చు అన్ని రోగాలకూ మందు అని నేను చెప్పబోవడం లేదు. లోపాలున్నాయి. ఎంత కడిగినా మూస అణువులు కొన్ని లోపల ఇరుక్కుని, పరీక్ష చేసేటప్పుడు కారుతాయి, లేని మందు వున్నట్టు చూపిస్తాయి. అందుకే దాని తోబుట్టువు లాంటి వేరే అణువును మూసగా వాడే ఉపాయం కనిపెట్టారు. ఒక ముద్దలో ఖాళీలన్నీ ఒక్క తీరుగా వుండవు. ద్రావణిలో బాగా పట్టిన అచ్చు, నీళ్ళలో పెడితే హైడ్రోజన్ బంధాలకు నీళ్ళే పోటీకి వచ్చి తడబడుతుంది. నదంతా వడకట్టే శక్తి దీనికి లేదు. అనుమానం తీర్చే చివరి మాట పెద్ద మిషనుదే. కాని వంద సీసాల్లో ఏ అయిదు సీసాలను ఆ మిషను దాకా తీసుకుపోవాలో చెప్పగలిగితే చాలు. సిప్రోఫ్లాక్సాసిన్ అతినీలలోహిత దీపం కింద తనంతట తానే మెరిసే అణువు. గొట్టంలో పట్టి, కడిగి, దీపం కింద చూసే పరీక్ష మండల కేంద్రంలో పెట్టలేమా?

ఇక అసలు సంగతికి వస్తాను. అచ్చు పోయాలంటే మూస కావాలి. మూస అంటే ఆ అణువే. బెల్లం అచ్చు చేసే వడ్రంగికి బెల్లం దిమ్మె ఎట్లా వుండాలో తెలిసినట్టు, మనకు ఏ అణువు వస్తున్నదో ముందు తెలియాలి, అది చిటికెడు చేతిలో వుండాలి. పరీక్షాలయం వాళ్ళు నన్ను పేరు అడిగింది అందుకే. మిషనుకూ పేరు కావాలి, అచ్చుకూ పేరు కావాలి. ఆ పేరు మా నాయనకు తెలియదు, నాకు తెలియదు. ఎవరికి తెలుసు? తయారు చేసేవాళ్ళకు తెలుసు. ఈ ఏడు ఏ మందు చేశారో, దానికి ముందు ఏ మధ్యస్థ పదార్థాలు వచ్చాయో, ఏది నీళ్ళలోకి పోగలదో వాళ్ళ రిజిస్టర్లలో వుంటుంది. సైన్సు ఎంత పెరిగినా ఈ పేరు గోడ అవతల వున్నంత కాలం గోడ ఇవతలివాడికి ఏమీ రుజువు కాదు.

కాబట్టి నేననేది ఒక్కటే. నీళ్ళు వాడి నీళ్ళు వదిలే ప్రతి మందుల ఫ్యాక్టరీ, అనుమతి తీసుకునేటప్పుడు, తాను చేసే అణువులూ ముఖ్యమైన మధ్యస్థాలూ ఏవో పేర్లు రాసి, ఒక్కో గ్రాము నమూనా ప్రభుత్వ ప్రయోగశాలలో జమ చేయాలి. ఆ గ్రాముతో అచ్చులు పోయించాలి. ఆ అచ్చులు నది కింది గ్రామపంచాయతీలకూ, మన కాలేజీల ప్రయోగశాలలకూ అందాలి. తుపాకి కొన్నవాడు లైసెన్సు చూపించడం లేదా? భూమి అమ్మినవాడు వేలిముద్ర వేయడం లేదా? మా తాత చదువు రానివాడు. బ్యాంకులో పంట అప్పు తీసుకున్నప్పుడల్లా నిశానీ వేసి వచ్చేవాడు. రెండు వేల రూపాయల అప్పుకు ఒక ముసలి రైతు వేలిముద్ర తీసుకున్న వ్యవస్థకు, నదిలోకి నీళ్ళు వదిలేవాని అణువు ముద్ర తీసుకోవడం బరువెట్లా అవుతుంది?

వ్యాపార రహస్యం అంటారు కొందరు. రహస్యం తయారు చేసే తీరులో వుంటుంది. అచ్చు పోయడానికి తీరు అక్కర్లేదు, వస్తువు చాలు. ఆ వస్తువు పేరు డబ్బా మీద వుంటుంది, ఎగుమతి కాగితాల మీద వుంటుంది. నదికి చెప్పడానికే సిగ్గా?

అణువులు వందలున్నాయి, ఎన్నింటికని అచ్చులు పోస్తాం అంటారు ఇంకొందరు. ఒక కుటుంబానికి చెందిన అణువులను ఒక్క అచ్చే పట్టగలదు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు పోసిన దాంట్లో దాని అన్నదమ్ములు కూడా చిక్కుతాయి. ఒక్క పారిశ్రామికవాడతో మొదలుపెడితే లెక్క ఎంత పెద్దదో తెలుస్తుంది. మొదలు పెట్టకముందే వందలని భయపెట్టడం పని ఎగ్గొట్టే పద్ధతి.

ఫ్యాక్టరీలు మూస్తే మా గతేమిటని కార్మికులు అడుగుతారు. వాళ్ళ మాట నేను కొట్టిపారేయను. మా వూరి పిల్లలు ఎందరో నాచారంలో, ఉప్పల్‌లో షిఫ్టులు చేసి ఇంటికి డబ్బు పంపుతున్నారు. మూయమని నేననడం లేదు. ఆ అణువులను ముందు ముట్టేది వాళ్ళ చేతులే కనుక కొలత మొదట వాళ్ళకే కావాలి.

ఇంకొక మాట. కాలుష్యం చేసే ఫ్యాక్టరీలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపాలని కొన్నేళ్ళుగా అంటున్నారు. పట్నంవాళ్ళకు ఈ మాట చల్లగా వినిపిస్తుంది. అవతల ఏమున్నదని వాళ్ళనుకుంటున్నారు? అవతల మా వూళ్ళున్నాయి. అణువు పేరు చెప్పకుండా ఫ్యాక్టరీ తరలిపోతే, నాచారం వాసన మా బావుల్లోకి వస్తుంది. ఇక్కడ కనీసం రాత్రిపూట వాసన వస్తే ఫోన్ చేసి అడిగే చదువుకున్నవాళ్ళున్నారు. అక్కడ అడిగేవాడెవడు?

మిత్రులారా, మన వంతు ఏమిటి? మన ప్రయోగశాలలో సాక్స్‌లెట్ వుంది. మెథాక్రిలిక్ ఆమ్లం కొనలేనంత ధర కాదు. సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర మందుల షాపులో దొరుకుతుంది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు ఏటా పాత రికార్డులు తిరగరాసే బదులు, ఒక్క అచ్చు పోసి చూద్దాం. తప్పినా ఎక్కడ తప్పామో నేర్చుకుంటాం. విద్యార్థి సంఘం వారు ఎన్నో తీర్మానాలు చేస్తుంటారు. ఈ ఏడు ఒకటి దీనిమీద చేసి, ఫ్యాక్టరీలు అణువుల పేర్లు ప్రకటించాలని కాలుష్య నియంత్రణ మండలికి పంపమని కోరుతున్నాను. తార్నాక రోడ్డు మీది పెద్ద సంస్థల్లో మన సీనియర్లు పరిశోధన చేస్తున్నారు. వాళ్ళను పిలిచి ఒక సాయంత్రం ఇదే విషయం మీద మాట్లాడిద్దాం.

ఈ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా నాయన మళ్ళీ అడిగాడు, "సీసా ఏమైందిరా?" అని. పేరు కావాలన్నారు నాయనా అన్నాను. ఆయన కాసేపు కాలువ దిక్కు చూసి, "పేరు మనమెట్ల చెప్తం బిడ్డా, మనం పోయలేదు గద" అన్నాడు. పోసినవాళ్ళు చెప్పాలన్నదే ఆయన మాట. నాదీ అదే మాట. కిటికీలో ఆ పాత సీసా కడిగి పెట్టాను. వచ్చే నాట్లకు మళ్ళీ నింపుకొస్తాను.